తేదీ చూపి తీసుకున్న సొమ్ము

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక దుకాణం ఇచ్చిన బిల్లు మా బల్ల మీద ఉంది. తెచ్చినవాడు గాజువాక కుర్రాడు, పాలిటెక్నిక్ చివరి ఏడు. ఒక వీడియో గేమ్ కోసం మొత్తం డబ్బు ముందే కట్టి పది నెలలైంది. బిల్లు వెనకాల, గేమ్ ఇస్తామంటూ నీలం సిరాతో రాసిన తేదీ కొట్టేసి ఉంది. దాని కింద రాసిన రెండో తేదీనీ కొట్టేశారు. మూడోచోట తేదీయే లేదు, ‘వచ్చాక ఫోన్ చేస్తాం’ అని రాశారు. కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకున్న సొమ్మది. తిరిగి ఇమ్మంటే ‘పైకి కట్టేశాం, మా చేతుల్లో లేదు’ అన్నారట.

ఆటవస్తువు కోసం ఇంత రభసా అని పెద్దవాళ్లు తీసిపారేయవచ్చు. మేము అలా తీసిపారేయలేం. తేదీ చూపి డబ్బు తీసుకున్నాక అది ఆటైనా, బియ్యం బస్తా అయినా లెక్క ఒక్కటే.

సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ సంగతి చూడండి. 2012లో ప్రకటించారు. 2020 ఏప్రిల్ 16న విడుదల అంటూ 2019 జూన్‌లోనే ప్రీ ఆర్డర్లు (ముందస్తు కొనుగోళ్లు) తెరిచారు. ఆ తేదీ సెప్టెంబరు 17కు జరిగింది, తర్వాత నవంబరు 19కి. గేమ్ ‘గోల్డ్’ అయింది, అంటే డిస్కుల తయారీకి సిద్ధమైందని అక్టోబరులో చాటాక కూడా డిసెంబరు 10కి జరిగింది. అప్పటికే 80 లక్షల మంది ముందే కొనేశారు. అంతా చేసి చేతికొచ్చింది పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కన్సోళ్లలో, అంటే గేమ్ ఆడే యంత్రాల్లో, ఆడుతూ ఆడుతూ ఆగిపోయే ఆట. వారం రోజులకే ప్లేస్టేషన్ కంపెనీ సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వెనక్కిచ్చింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లోనే. ఇన్ని వాయిదాలు వేసి కూడా ఆట పూర్తి కాలేదంటే, మొదటి తేదీని దేన్ని చూసి పెట్టినట్టు?

ఆలస్యం ఎందుకవుతుందో విశాఖకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ ఓడను నీళ్లలోకి దించిన షిప్‌యార్డు మనది. ఓడ నీళ్లలోకి జారిన రోజు వేరు, కొన్నవాడికి అప్పగించే రోజు వేరని ఇక్కడి వెల్డరును అడిగినా చెబుతాడు. నడుమ యంత్రాలు బిగించాలి, వైరింగ్ లాగాలి, సముద్రం మీద నడిపి చూడాలి. గేమ్ కూడా అంతే. ట్రైలర్‌లో కనిపించే రెండు నిమిషాలు బాగా చెక్కిన ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా అతికాక బగ్గులు, అంటే లోపాలు బయటపడతాయి. ఒకటి సరిచేస్తే ఇంకోచోట రెండు లేస్తాయి. కన్సోల్ కంపెనీల పరీక్ష కూడా దాటాలి. ఈ పనికి ఎన్నాళ్లు పడుతుందో కచ్చితంగా చెప్పడం కష్టమే. కష్టమని తెలిసీ ఆర్థిక సంవత్సరం ముగింపునో పండుగ అమ్మకాలనో చూసుకుని తేదీ వేయడం, ఆ తేదీ మీద డబ్బు వసూలు చేయడం మాకు అభ్యంతరం.

సంక్రాంతికి వస్తుందన్న సినిమా వేసవికి పోవడం మనం చూడనిది కాదు. అయినా దాని కోసం ఎవరూ ఏడాది ముందు టికెట్ కొనిపించరు. జగదాంబ సెంటర్‌లో సినిమా ఆట రద్దయితే కౌంటర్ దగ్గర డబ్బు తిరిగి ఇస్తారు. ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లో కూడా ముందుగా కొన్న గేమ్‌ను విడుదలకు ముందు ఎప్పుడైనా వద్దనుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అక్కడ కుదిరేది మన దుకాణాల్లో ఎందుకు కుదరదు?

ఆటగాళ్లతో కూడా ఒక మాట. 2016లో నో మ్యాన్స్ స్కై అనే గేమ్ కొన్ని వారాలు వాయిదా పడితే తయారుచేసినవారికి చంపుతామని బెదిరింపులు వెళ్లాయి. ఇది ఎంతమాత్రం సహించరానిది. తేదీ వేసేది ఒకరు, రాత్రిళ్లు మేలుకునేది మరొకరు. సైబర్‌పంక్ చివరి వారాల్లో, బలవంతపు అదనపు పని ఉండదని అంతకుముందు చెప్పిన యాజమాన్యమే వారానికి ఆరు రోజులు పనిచేయమంది. రిలీజ్ ముందు రాత్రుల సంగతి మధురవాడ, ఋషికొండ ఐటీ ఆఫీసుల నుంచి తెల్లవారుజామున క్యాబ్ ఎక్కి ఇళ్లకు వచ్చే మన పిల్లలకు బాగా తెలుసు. కోపం ఆట తయారుచేసేవాళ్ల మీద చూపకండి. వాళ్లను ఇంకా పిండి తేదీ నిలబెట్టమని మేము అడగడం లేదు. ఇంకో ఆరు నెలలు పడితే పట్టనివ్వండి. అందాకా కొనుగోలుదారు సొమ్ము అతని దగ్గరే ఉండనివ్వండి.

అందుకే కంపెనీలు ఆట పూర్తయ్యేదాకా పూర్తి ధర వసూలు చేయకూడదు. తేదీ జరిపిన నాడే, అడిగించుకోకుండా, కొన్నవాడికి డబ్బు వాపసు తీసుకునే దారి చూపాలి. దుకాణదారులు బుకింగ్ పేరుతో తీసుకునేది నామమాత్రంగా ఉండాలి, వాపసు షరతులు బిల్లు మీదే తెలుగులో ఉండాలి.

గాజువాక కుర్రాడికి మేము చెప్పింది ఇంతే: ఆ బిల్లు పారేయకు. కొట్టేసిన తేదీలతో సహా ఫొటో తీసి పెట్టుకో. ముందు 1915కు ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరును పెట్టుకోనక్కర్లేదు, నీ వాదన నువ్వే వినిపించుకోవచ్చు.