వంతెన కట్టనోళ్ళకి మైకు ఇవ్వొద్దు

ఇంగ్లీషులో పాంటిఫికేట్ అని ఓ క్రియ ఉంది. అంటే లెక్చర్ దంచడం అన్నమాట, అదీ మామూలుగా కాదు, తనకి తెలియనిదంటూ ఈ భూమ్మీద లేదన్న ధీమాతో, ఎవడూ అడక్కపోయినా గంటసేపు. ఇంత పెద్ద వంశంలో పుట్టిన మాటని జనం వెటకారానికి వాడేస్తుంటే నాకైతే బాధగా ఉంది.

పాత రోమ్‌లో పాంటిఫెక్స్ అంటే పూజారి, వాళ్ళందరికీ పెద్దాయన పాంటిఫెక్స్ మాక్సిమస్. లాటిన్‌లో పాన్స్ అంటే వంతెన కాబట్టి పాంటిఫెక్స్ అంటే వంతెన కట్టేవాడు, టైబర్ నది మీద సుబ్లిసియస్ అనే చెక్క వంతెన వీళ్ళే కట్టి రిపేర్లు కూడా చేసేవాళ్ళు అని వర్రో అనే పండితుడు రాశాడు. దాంట్లో ఇనుము వాడకూడదని ఆచారం కూడానూ. కానీ స్కేవోలా అనే పెద్ద పాంటిఫెక్స్ మాత్రం వంతెనా లేదు గింతెనా లేదు, ఆ మాటకి ‘చేయగల సమర్థుడు’ అని అర్థం అన్నాడట. చూశారా, తన పదవి పేరు మీదే మొదటి లెక్చర్ దంచేశాడు మహానుభావుడు!

క్యాలెండర్ కూడా వీళ్ళ చేతుల్లోనే ఉండేది. అదనపు నెల ఎప్పుడు కలపాలో వీళ్ళు చెప్తేనే, మన అధికమాసం టైపు, కాకపోతే మనకి పంచాంగంలో లెక్క ఉంటుంది, వాళ్ళకి నోట్లో ఉండేది. మనోడు పదవిలో ఉంటే ఏడాది సాగేది, పడనోడైతే నెల ఎగిరిపోయేది. క్రీ.పూ. 63లో ఆ పెద్ద పీఠం ఎక్కిన జూలియస్ సీజర్ చివరికి ఆ కంగాళీ సర్దడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులు చెయ్యాల్సొచ్చింది. ఇప్పటి మేధావులు మన సాయంత్రాలు మాత్రమే తింటున్నారు, కాస్త నయమే.

తర్వాత ఆ బిరుదు చక్రవర్తులకి, అటు తిరిగి ఇటు తిరిగి పోప్‌కి వచ్చింది. 2012లో పోప్ ట్విట్టర్‌లోకి వచ్చింది కూడా పాంటిఫెక్స్ పేరుతోనే. అసలు పాంటిఫెక్స్ అక్కడ రెండు ముక్కలు రాసి వెళ్ళిపోతారు, మిగతా పౌరోహిత్యం అంతా కింద కామెంట్లలో మనవాళ్ళు చూసుకుంటారు.

అందుకే నా డిమాండ్ ఒకటే, టీవీ చర్చకొచ్చే ప్రతి విశ్లేషకుడూ ముందు ఎక్కడైనా ఓ కల్వర్టు కట్టి రావాలి. ఇనుము వాడితే వాడుకోనివ్వండి, ఆచారం సడలిద్దాం. కట్టినట్టు రుజువేంటి అంటారా, బిల్లు ఇంకా శాంక్షన్ కాలేదండీ అని ఏడిస్తే చాలు, నిజంగానే కట్టాడని నమ్మేసి మైకు ఇచ్చేయొచ్చు.