విదేశీ పెట్టుబడి గారికి, భూపాలపల్లి నుంచి

మహారాజశ్రీ విదేశీ పెట్టుబడి గారి సముఖానికి,

భూపాలపల్లి నుంచి ఒక ఇంటి ఓనరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం రోజూ పేపర్లో మార్కెట్ పేజీలో చూస్తూనే ఉన్నాం.

2019 ఆగస్టు 28న ఢిల్లీలో కేంద్ర కేబినెట్ మీకోసం తలుపులు బార్లా తీసింది. అంతకుముందు కరెంటు, ఉక్కు, సిమెంటు కంపెనీలు సొంత వాడకానికి తవ్వుకునే గనుల్లోనే మీకు చోటుండేది. ఇక నుంచి బొగ్గు తవ్వి ఎవరికైనా అమ్ముకోవచ్చు, నూటికి నూరు శాతం వాటా మీదే, అదీ ఆటోమేటిక్ రూట్లో, పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదు అన్నారు. ఆ వార్త చదివిన నెలలోనే నేను మేడ మీద పోర్షన్‌కి ముగ్గు పోయించాను. మీ ఇంజనీర్లు దిగితే ఈ ఊళ్లో ఎక్కడుంటారని నా ముందుచూపు. ఆ పోర్షన్ పర్మిషన్ కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. మీరు దేశంలోకి రావడానికి అక్కర్లేని అనుమతి, నా బాత్రూము మేడెక్కడానికి కావాల్సి వచ్చింది.

మీ మర్యాదకు తగ్గట్టు వెస్టర్న్ కమోడ్ పెట్టించాను. మా బాపు బాయిలో, అంటే బొగ్గు గనిలో, కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ (పార)తో బొగ్గు టబ్బులు నింపి రిటైరైన మనిషి. డ్యూటీ దిగి ఎంత రుద్ది కడుక్కున్నా ఆయన కళ్ల అంచున బొగ్గు మిగిలిపోయేది, పొద్దున్నే కాటుక పెట్టుకున్నట్టు. ఆయన మేడెక్కి, కమోడ్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఎవలకురా ఇది?" అన్నాడు.

"విదేశీ పెట్టుబడికి బాపు."

"పైసలున్నోడు బాయిల దిగుతడారా? ఆడు కాయిదం మీదనే ఉంటడు. దిగేది మనం."

నేను వినలేదు. లోన్ అప్పటికే తీసేసుకున్నాను.

తర్వాత తీరుబడిగా పాత చరిత్ర తిరగేస్తే తెలిసింది, మీరు ఈ వైపుకు కొత్త చుట్టమేం కాదని. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లందు దగ్గర బొగ్గుందని తేల్చాడు. ఆ దొర పేరే ఇప్పటికీ ఒక బొగ్గు పొరకుంది, కింగ్ సీమ్ అని. (రాజు ఒక్కడే ఉంటే బాగుండదనుకున్నారో ఏమో, క్వీన్ సీమ్ కూడా ఉంది.) 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే పేరుతో మీరు లండన్‌లో పుట్టారు. ఇల్లందు అప్పట్లో మా వరంగల్ జిల్లాలోనే ఉండేది కాబట్టి, బంధుత్వం మాతోనే అనుకోండి. నిజాం ఇచ్చిన తవ్వకం హక్కు 99 ఏళ్లు.

మీ అప్పటి లెక్క మాత్రం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. మూలధనం 10 లక్షల పౌన్లు, అంటే 10 పౌన్ల షేర్లు లక్ష. అందులో 85 వేల షేర్లు హక్కు తెచ్చుకున్నవాళ్లు తమకు తామే రాసుకున్నారు, పూర్తి సొమ్ము కట్టేసినట్టే. నిజంగా డబ్బు తేవాల్సినవి మిగిలిన 15 వేలు. పార కొనలేదు, పలుగు కొనలేదు, లండన్‌లో మాత్రం పంటకోతలు! ఆపైన ఆ షేర్లలోంచే కొన్నిటిని నిజాం ప్రభుత్వం ముఖవిలువ కన్నా ఎక్కువ పెట్టి కొన్నది. దగ్గరుండి ఈ వ్యవహారం నడిపిన సొంత అధికారి అబ్దుల్ హక్‌కు ఆ లాభంలో వాటా ఉందని తేలి, కొలువు పోయింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటే కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. ఇల్లందులో తవ్వకం మొదలైంది 1889లో. అంటే బొగ్గు బయటికి రావడానికి ఏడాది ముందే బండారం బయటికొచ్చింది.

1920లో ఆ కంపెనీ ఆస్తులు సింగరేణి కాలరీస్ అనే కొత్త కంపెనీ చేతికొచ్చాయి. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటా కొనేసింది. మా నేల, మా చెమట, మా బొగ్గు. దాన్ని మా సొమ్ముతో మేమే కొనుక్కున్నాం. బాపుకు ఈ కథ చెబితే ఆశ్చర్యపోలేదు, చాయ్ చల్లారిందని మా అమ్మ మీద కేకలేశాడు.

సరే, పాత సంగతులు వదిలేద్దాం. ఈసారి మీ కోసం జరిగిన హడావిడి మీకు తెలియాలి. మీరింకా గుమ్మం కూడా తొక్కలేదు, 2019 సెప్టెంబర్ 24న దేశమంతా బొగ్గు కార్మిక సంఘాలు మీ మీద సమ్మె చేశాయి. రాని చుట్టానికి ఇంత మర్యాద మా ఇంటల్లుళ్లకు కూడా జరగలేదు. 2020లో చట్టం మార్చారు, బొగ్గు అనుభవం లేనివాళ్లూ రావచ్చన్నారు. (ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల డబ్బుకు మాత్రం గొళ్లెం పెట్టారు.) జూన్‌లో వేలం ప్రకటించారు. చివరికి 38 బ్లాకులు పాటకు పెడితే 19 పోయాయి. కొన్నవాళ్ల జాబితా నేను భూతద్దం పెట్టి వెతికాను. మీ పేరు లేదు. అందరూ మనవాళ్లే.

అప్పుడర్థమైంది నాకు. మీ పేరు చెప్పి వాకిలి ఊడ్చారు, కల్లాపి చల్లారు, పందిరేశారు. పీటల మీద కూర్చున్నది పక్కింటివాళ్లు. అందులో మీ తప్పేం లేదు. మీరసలు ఇటు చూడనే లేదు. రియో టింటో అనే గనుల కంపెనీ లాంటి మీ పెద్దలు 2018లోనే బొగ్గు వ్యాపారానికి పూర్తిగా దండం పెట్టి వెళ్లిపోయారు. మేం కూర వండి పిలిచేసరికి మీరు మాల వేసుకున్నారన్నమాట.

ఆ పందిరి గుంజలు మాత్రం మా దగ్గరే పాతారు. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణిఖని. ఈ నాలుగు బ్లాకుల వేలం వద్దని 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు బాయి దిగలేదు. పాతికేళ్ల నుంచీ షిఫ్టు టైముకి కడాయి పెట్టే మా వీధి మిర్చిబజ్జీల మనిషి ఆ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఎవరికి అమ్మాలి? షిఫ్టే లేదాయె.

మీ యంత్రాలు మాత్రం వస్తాయి, అది ఒప్పుకోవాలి. రామగుండం వైపు, యంత్రాలే బొగ్గు గోడను చెక్కే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో జర్మనీ సరుకే బిగించారు. కాకపోతే అది మాకు అమ్మిన సరుకు. డబ్బు మా నుంచి మీకు వచ్చింది.

ఇక నా సంగతి. మేడ మీద టు‌లెట్ బోర్డు మీద లారీల దుమ్ము పేరుకుని 'లెట్' మాత్రమే కనబడుతోంది. మధ్యలో జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక టిప్పర్ డ్రైవర్ అడిగాడు. నేను పెద్దమనిషి తరహాలో, "ఇది ఫారిన్ వాళ్లకు" అన్నాను. అతను నవ్వి వెనక వీధిలో నలుగురితో కలిసి రేకుల గదిలో దిగాడు, నెలనెలా ఒకటో తారీఖునే అద్దె కడతాడట. నేను ఈఎంఐ కడుతున్నాను.

ఎప్పుడైనా మనసు మారి వస్తే కింద గేటు గట్టిగా కొట్టండి, బెల్లు పనిచేయదు. ఒకరోజు ముందు ఫోన్ చేస్తే మంచిది. కమోడ్ మూత మీద మా అమ్మ చింతపండు గంప పెట్టుకుంది. దింపడానికి ఇద్దరు కావాలి.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు