లింకు తోకలో ఉండే యూటీఎమ్ కంటెంట్ గారికి

మహారాజశ్రీ యూటీఎమ్ కంటెంట్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. లింకు చివర, ప్రశ్నార్థకం దాటాక, నొక్కినవాడు ఎక్కడినుంచి వచ్చాడో చెప్పడానికి మేం గుర్తుగా తగిలించిన మీరు కూడా తోబుట్టువులతో సహా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. గట్టిగా చెప్పలేం అనుకోండి, దారిలో ఒక లింకు నుంచి ఇంకో లింకుకి మళ్ళించే రీడైరెక్ట్ సరిగ్గా పెట్టనిది ఒకటి తగిలితే చాలు, మీ కుటుంబం మొత్తం అక్కడే దిగిపోతుంది, జనం మాత్రం పేజీకి చేరిపోతారు.

మీరు ఐదుగురు. సోర్స్, మీడియం, క్యాంపెయిన్, టర్మ్, మీరు. యూటీఎమ్ అనే మీ ఇంటిపేరులోని ‘యూ’ అర్చిన్ అనే కంపెనీది. దాన్ని 2005లో గూగుల్ కొనేసి, అదే ఏడాది, సైటుకి ఎవరు ఎలా వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌గా మార్చి జనం మీదికి వదిలింది. కంపెనీ పోయింది, ఇంటిపేరు మాత్రం ప్రపంచంలో ఉన్న ప్రతి మార్కెటింగ్ మెయిల్ తోకకీ అంటుకుని ఉంది.

మీ డ్యూటీ చాలా చిన్నది. ఒకే క్యాంపెయిన్‌లో రెండు బ్యానర్లు ఒకే పేజీకి దారి తీస్తుంటే, వచ్చినవాడు దేన్ని నొక్కి వచ్చాడో చెప్పాలి. అంతే. ఆ ముక్క మీరు నిజాయితీగానే చెబుతారు, అందులో వంక పెట్టను. వంకంతా మీ చేత ఇంకేమేం చెప్పిస్తున్నారన్నదాంట్లోనే ఉంది.

ముందు నామకరణం సంగతి. ఎర్ర బటన్ ఉన్న బ్యానర్ ఒకటుంది. ఒకాయన దాని పేరు అన్నీ చిన్నక్షరాల్లో రాశాడు, ఇంకొకావిడ మొదటి అక్షరం పెద్దది చేసింది, మూడో ఆయన మధ్యలో హైఫన్ పెట్టాడు, నాలుగో ఆయన అండర్‌స్కోర్ పెట్టాడు, ఏజెన్సీ వాళ్ళు స్పేస్ వదిలితే అది లింకులో శాతం గుర్తూ ఇరవైగా మారి కూర్చుంది. మీరేమో అక్షరం తేడా వస్తే మనిషే వేరనే రకం. ఇంకేముంది, రిపోర్టులో ఒక్క బ్యానర్ ఐదు వరసలైంది. ఐదూ విడివిడిగా ఫెయిలయ్యాయి, కలిపి చూస్తే అదే ఫస్టు. కలిపి చూసే ఓపిక ఎవరికుంది చెప్పండి? పైగా భాషాభిమానం ఉన్నవాడెవడైనా తెలుగులో పేరు పెడితే మరీ ఘోరం, ఒక్కో అక్షరానికీ ఒక్కో గుణింతపు గుర్తుకీ తొమ్మిదేసి గుర్తుల చొప్పున లింకు సాగిపోతుంది, చూసినవాడు వైరస్ అనుకుని నొక్కడు.

సరే, మనుషుల చేతిలో పెడితేనే కదా ఈ గొడవ, ఆటోమేటిక్‌గా పెట్టిద్దాం అన్నారు. ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్ళ యాడ్స్‌లో ఆ సదుపాయం ఉంది, యాడ్‌కి ఏ పేరుంటే అదే మీలోకి వచ్చి పడుతుంది. కాకపోతే మొదటిసారి పబ్లిష్ చేసినప్పుడు ఏ పేరుందో అదే శాశ్వతం, తర్వాత ఎంత అందంగా మార్చినా మీకు పాత పేరే. అందుకే క్వార్టర్లీ రివ్యూలో పెద్ద తెర మీద, సూటు వేసుకున్న పెద్దమనుషుల ముందు, ఈ క్వార్టర్ హీరో పేరు ‘కాపీ ఆఫ్ కాపీ ఆఫ్ టెస్ట్ వీడియో డిలీట్ చెయ్యాలి’ అని వెలిగింది. దాని బడ్జెట్ రెట్టింపు చేశారు.

దానికి గట్టి పోటీ ఇచ్చేది ఇంకొకరున్నారు, ‘నాట్ సెట్’ గారు. ఆయన ఏ బ్యానరూ కాదు, మిమ్మల్ని తగిలించడం ఎవరో మర్చిపోతే ఆ ఖాళీలో పుట్టినవాడు. చాలా రిపోర్టుల్లో అందరికంటే ఎక్కువ అమ్మకాలు తెచ్చేది ఆయనే. డిజైన్ టీమ్‌లో ఆయన ఎవరో కనుక్కుని ఇంక్రిమెంట్ ఇవ్వాలి.

ఇక తీర్పులు. సోమవారం యాడ్ మొదలైంది, మంగళవారం మధ్యాహ్నానికి ఎర్ర బటన్‌కి 6 క్లిక్కులు, నారింజ బటన్‌కి 9. ‘నారింజ 50 శాతం మెరుగు’ అని స్లైడ్ తయారు. తొమ్మిదింట్లో రెండు ఆఫీసువాళ్ళే లింకు పనిచేస్తోందో లేదో చూసుకున్నవి కావచ్చు, ఆ ప్రశ్న అడిగితే నేను నెగెటివ్‌గా మాట్లాడుతున్నానంటారు. బుధవారానికి కంపెనీ మొత్తం నారింజ. ఇంకో వారం ఆగి ఉంటే లెక్క తిరగబడేదేమో, కానీ ఆగడమనేది ఏ డ్యాష్‌బోర్డులోనూ కాలమ్ కాదు కదా.

అసలు అన్యాయం ఇంకోటుంది. ఒకావిడ మన వీడియోని మూడుసార్లు చూసింది, నవ్వుకుంది, నొక్కలేదు. నాలుగు రోజుల తర్వాత పేరు గుర్తొచ్చి గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన రెండు లైన్ల యాడ్ నొక్కి కొనుక్కుంది. మీ లెక్కలో వీడియోకి సున్నా, ఆ రెండు లైన్లకి మొత్తం ఘనత. సొమ్మొకడిది, సోకొకడిది. వీడియో తీసినవాడు వాదించలేడు, ఎందుకంటే మీరు నొక్కుడికే సాక్షి, చూపుకి కాదు. మెటా లాంటి యాడ్ అమ్మే ప్లాట్‌ఫామ్‌లు దీనికి పూర్తి విరుద్ధం, నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా మాదే, నొక్కకుండా చూసి ఒక్కరోజులో కొన్నా మాదే అంటాయి. ఇక పరిశ్రమ ప్రమాణం ప్రకారం బ్యానర్‌లో సగం పిక్సెళ్ళు ఒక్క సెకను తెర మీదుంటే దాన్ని ‘కనబడింది’ కింద రాసుకోవచ్చు. వాళ్ళందరి లెక్కలూ కూడితే మనం అమ్మినవాటికంటే ఎక్కువ అమ్మేశాం. గోడౌన్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు.

మిమ్మల్ని సొంత సైటులోని బ్యానర్లకి తగిలించే మహానుభావుల గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది. డబ్బు పోసి బయటినుంచి తెచ్చుకున్న మనిషి హోమ్ పేజీలో ఒక బొమ్మ నొక్కగానే, అమ్మకం ఆ బొమ్మ ఖాతాలో పడిపోతుంది. అలాగే న్యూస్‌లెటర్‌లో వచ్చిన లింకుని మీతో సహా కాపీ చేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేసే బాబాయిలు. గ్రూపులో ఎవరు నొక్కినా, ఆర్నెల్ల తర్వాత నొక్కినా, మెయిల్‌లోని పై బొమ్మ అద్భుతంగా పనిచేస్తున్నట్టే.

ఒక్క విషయంలో మాత్రం మీ మీద గౌరవముంది. 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో యాపిల్ వాళ్ళు మెయిల్‌లో, మెసేజెస్‌లో, సఫారీ బ్రౌజర్ ప్రైవేట్ బ్రౌజింగ్‌లో గూగుల్, ఫేస్‌బుక్ క్లిక్ ఐడీల తోకలు కత్తిరించారు, మిమ్మల్ని ముట్టుకోలేదు. వాటిలో నొక్కిన ప్రతిసారికీ ఒక్కో ప్రత్యేకమైన గుర్తుంటుంది, మీలో యాడ్ పేరే ఉంటుంది. అదీ మా ఏజెన్సీ వాళ్ళు కస్టమర్ మెయిల్ ఐడీ తీసుకొచ్చి మీలో ఇరికించనంత వరకే లెండి.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. మనుషులు మారరు, నామకరణ షీటు తయారుచేసి డ్రైవ్‌లో పెట్టినా తెరవరు, తెరిచినా వాళ్ళ కాలమ్ ఒకటి కొత్తగా కలిపి పోతారు. కాబట్టి మీరే కాస్త తగ్గి, పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటేనని ఒప్పుకోండి. హైఫన్ సంగతి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

ఇట్లు,
రేపు పదింటికి స్లైడ్లు చూపించాల్సిన మీ విధేయుడు