డ్రిల్ మిషన్ శబ్దం మారితే నూనె కొట్టమంటున్న ఆ మెసేజ్‌ని నమ్మకండి

ఇంటీరియర్ పనులు చేసేవాళ్ల, ఎలక్ట్రీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "కార్డ్‌లెస్ డ్రిల్ నుంచి కొత్త శబ్దం వచ్చిందంటే గేర్‌బాక్స్ పోతున్నట్టే. కటకటమంటే గేరు పళ్లు విరిగాయి. గాలి రంధ్రాల్లో మెరుపు కనిపిస్తే మోటారు కాలుతోంది. ట్రిగ్గర్ కొంచెం నొక్కగానే కుయ్‌మంటే స్విచ్చో బ్యాటరీయో అయిపోయింది. వెంటనే ఆ రంధ్రాల్లోంచి డబ్ల్యూడీ-40 స్ప్రే గానీ కుట్టుమిషన్ నూనె గానీ కొట్టండి. తగ్గకపోతే గేర్‌బాక్స్ విప్పి నిండా గ్రీజు కూరండి. అప్పటికీ తగ్గకపోతే కొత్తది కొనండి."

ఇది సరదాగా పంపుకునే మెసేజ్ అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ దీన్ని నమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆ మిషన్ మీదే రోజుకూలి సంపాదించుకునేవాళ్లు. ఏ లోపమూ లేని డ్రిల్‌లో నూనె కొట్టి, నిజంగానే పాడు చేసుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటకూ విడిగా జవాబు చెబుతాను.

"కటకటమంటే గేరు పళ్లు విరిగినట్టే"

ఎక్కువమందిని భయపెట్టేది ఇదే. స్క్రూ బిగుస్తూ బిగుస్తూ చివరికొచ్చేసరికి కటకటకట అని గట్టిగా చప్పుడవుతుంది, బిట్‌ని పట్టుకునే ముందు భాగం, అంటే చక్, ఆగిపోతుంది, లోపల మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఏదీ విరగలేదు. క్లచ్ జారుతోంది, అంతే. జారడమే దాని పని.

చక్ వెనకాల అంకెలున్న రింగు చూశారు కదా. కొన్నింటికి 1 నుంచి 15 దాకా, కొన్నింటికి 20 దాటి కూడా ఉంటాయి. ఆ రింగు తిప్పితే లోపలున్న స్ప్రింగు బిగుస్తుంది, లేదా వదులవుతుంది. ఆ స్ప్రింగు చిన్న ఉక్కు గుండ్లను గేర్‌బాక్స్‌లోని బయటి పళ్ల చక్రం మీద అదిమి పెట్టి, ఆ చక్రాన్ని కదలనివ్వదు. అది కదలకుండా ఉన్నంతసేపే మోటారు బలం చక్‌కి చేరుతుంది. స్క్రూ తల చెక్కలోకి దిగి ఇక తిరగలేని స్థితికి వచ్చినప్పుడు ఆ బలం స్ప్రింగు పట్టును మించిపోతుంది. అప్పుడు చక్రమే తిరగడం మొదలెడుతుంది. దాని అంచు మీదున్న గట్లను గుండ్లు ఎక్కి దిగుతుంటే వచ్చేదే ఆ కటకట. మాడ్యులర్ కిచెన్ పనిలో పార్టికల్ బోర్డుకి హింజ్ స్క్రూలు బిగించేటప్పుడు ఈ క్లచ్ లేకపోతే స్క్రూ బోర్డులో గుల్ల చేసుకుని ఊరికే తిరుగుతుంది. చిన్న అంకెతో మొదలుపెట్టి, స్క్రూ తల బోర్డుకి సమంగా వచ్చేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ పోవడమే సరైన పద్ధతి.

పళ్లు నిజంగా విరిగాయేమోనన్న అనుమానం తీర్చుకోవడం సులువు. రింగును డ్రిల్ బిట్ బొమ్మ ఉన్న గుర్తు మీదకు తిప్పండి. ఆ స్థానంలో క్లచ్ జారదు. ఒక చెక్క ముక్కను కదలకుండా బిగించి, మిషన్‌ని రెండు చేతులతో పట్టుకుని కన్నం వేసి చూడండి. కటకట వినబడకపోతే గేర్లు బాగున్నట్టే. ఆ గుర్తు మీద ఉన్నా లోడ్ పడినప్పుడల్లా కటక్ కటక్ అంటూ చక్ ఆగి ఆగి తిరుగుతుంటే అప్పుడు పళ్లనో, క్లచ్ భాగాలనో అనుమానించాలి. రెండు చేతులతో అని ఊరికే అనలేదు. క్లచ్ జారని స్థితిలో బిట్ ఇరుక్కుంటే మిషన్ మొత్తం మెలి తిరుగుతుంది, మణికట్టు దెబ్బతింటుంది.

ఇంకో రకం కటకట రింగు సుత్తి గుర్తు మీద ఉన్నప్పుడు వస్తుంది. హ్యామర్ ఉన్న డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి. మిషన్‌ని గోడకేసి నొక్కినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్‌ని ముందుకు పొడుస్తాయి. చాలా మిషన్లలో చక్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఇది పదిహేను సార్లు అటూ ఇటూగా జరుగుతుంది. ఇటుక గోడ పని ముగించి, గుర్తు మార్చకుండా ప్లైవుడ్ మీదకు వెళ్లినవాళ్లకు మిషన్ బద్దలవుతున్నట్టే వినిపిస్తుంది. రింగు మారిస్తే పోతుంది. పిల్లర్‌లోనో, బీమ్‌లోనో కన్నం వేస్తుంటే ఉన్నట్టుండి ఖణ్‌మని లోహపు శబ్దం వచ్చి బిట్ ముందుకు కదలకపోతే, లోపలి ఇనుప చువ్వ తగిలిందని అర్థం. అక్కడ ఆపి చోటు మార్చాలి. ఆర్‌సీసీ (ఇనుప చువ్వలున్న కాంక్రీటు) మీద పదే పదే పని ఉంటే దానికి రోటరీ హ్యామరే సరైనది. అది గాడులున్న ఎస్‌డీఎస్ రకం బిట్లు వాడే, గట్టిగా పొడిచే వేరే మిషన్. ఈ చిన్న బిళ్లల డ్రిల్‌ని దాని కోసం చంపడం అన్యాయం.

"రంధ్రాల్లోంచి డబ్ల్యూడీ-40 కొట్టండి"

మెసేజ్ మొత్తంలో నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇది. ఆ గాలి రంధ్రాలు ఎక్కడికి తెరుచుకుంటాయో ఒక్కసారి ఆలోచించాలి. అవి మోటారు చల్లబడటానికి పెట్టినవి. గేర్‌బాక్స్ దాని ముందు విడిగా మూసి ఉంటుంది, దాని గ్రీజు దానిలోనే ఉంటుంది. అంటే గేర్ల శబ్దానికి మందు అని మీరు కొట్టిన నూనె గేర్లకు చేరదు. మోటారు మీద పడుతుంది.

మోటారులో ఏం జరుగుతుందంటే, బ్రష్‌లున్న రకమైతే తిరిగే రాగి పలకల మీద ఆ బ్రష్‌లు, అంటే కార్బన్ ముక్కలు, రాసుకుంటూ కరెంటు అందిస్తుంటాయి. రాసుకున్నకొద్దీ సన్నటి కార్బన్ పొడి రాలుతుంది. పొడిగా ఉన్నంతకాలం అందులో చాలా భాగాన్ని ఫ్యాన్ గాలి బయటకు తోసేస్తుంది. నూనె తగిలితే అదే పొడి నల్లటి ముద్దై పలకల మధ్య సందుల్లో పేరుకుంటుంది. కార్బన్ పొడి కరెంటును పోనిస్తుంది కాబట్టి, విడివిడిగా ఉండాల్సిన పలకల మధ్య దారి ఏర్పడుతుంది. మెరుపులు పెరుగుతాయి, వేడి పెరుగుతుంది. మెసేజ్ భయపెట్టిన మోటారు కాలడం అప్పుడు నిజంగా మొదలవుతుంది.

డబ్ల్యూడీ-40 చెడ్డ వస్తువేం కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ, లోహం మీద తేమను తొలగించి తుప్పు పట్టకుండా చూడటానికి దాన్ని తయారు చేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి పేరులో 40. అట్లాస్ క్షిపణుల పైతొడుగును తుప్పు నుంచి కాపాడటానికి మొదట్లో వాడారు. అందులో కొంత కందెన ఉన్నా, ఎక్కువ భాగం గాలికి ఆవిరయ్యే పెట్రోలియం ద్రావకం. మడత బందులు, తుప్పు పట్టిన నట్లు లాంటి వాటికి అది బాగుంటుంది. కానీ గ్రీజుని కరిగించడం కూడా దాని గుణమే. చిన్న మోటార్లలో చాలావాటికి ఇరుసు చివర దాన్ని పట్టి ఉంచే కంచు బుష్‌లు ఉంటాయి. తయారీలోనే వాటి సూక్ష్మ రంధ్రాల్లో నూనె పట్టించి ఉంచుతారు. జీవితమంతా వాటికి అదే నూనె. ద్రావకం దాన్ని కడిగేస్తే రెండు రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, తర్వాత కీచుమని ఏడవడం మొదలుపెడుతుంది. "కొట్టగానే తగ్గింది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ రెండు రోజులే చూశారు.

ఇంకోటి, ఆ డబ్బా మీద మంట అంటుకునే వస్తువని హెచ్చరిక ఉంటుంది. లోపల మెరుపులు వచ్చే మోటారులోకి దాన్ని స్ప్రే చేసి వెంటనే ట్రిగ్గర్ నొక్కమని జనానికి చెప్పడం ప్రమాదకరం.

నూనెకు డ్రిల్‌లో ఒకే ఒక్క చోటుంది, చక్ దవడల దగ్గర. సీలింగ్‌లో కన్నాలు వేసేటప్పుడు సిమెంటు పొడి నేరుగా చక్‌లోకి రాలుతుంది. దవడలు గరగరమంటూ కదులుతాయి. బ్యాటరీ తీసి, చక్ నేల వైపు ఉండేలా పట్టుకుని, బ్రష్‌తో దులిపి, ఒక్క చుక్క పలచటి నూనె వేసి, దవడలు నాలుగైదు సార్లు తెరిచి మూసి, గుడ్డతో తుడిచేయండి. అలా పట్టుకుంటే నూనె గేర్‌బాక్స్ వైపు పారదు.

"మెరుపు కనిపిస్తే మోటారు కాలుతోంది"

బ్రష్‌లున్న మోటారులో చిన్న చిన్న నీలి మెరుపులు సహజం. కార్బన్ ఒక రాగి పలక వదిలి ఇంకో పలక మీదకు వెళ్లేటప్పుడు కరెంటు తెగుతుంది, ఆ తెగే చోట మెరుస్తుంది. ట్రిగ్గర్ వదలగానే ఒక మెరుపు, దాంతోపాటు టక్‌మని చక్ ఆగడం కూడా చాలామందిని కంగారు పెడుతుంది. అది బ్రేక్. స్విచ్ మోటారు రెండు కొసలనూ కలిపేస్తుంది, తిరుగుతున్న మోటారు జనరేటరులా మారి తనను తానే ఆపుకుంటుంది.

భయపడాల్సినవి వేరు. రాగి పలకల చుట్టూ రింగులా పరుచుకున్న నారింజ రంగు మంట, వైరు కాలిన వాసన, లోడ్ లేకపోయినా మిషన్ వేడెక్కడం. వీటిలో ఏది కనిపించినా బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. బ్రష్‌లెస్ మిషన్‌లో కార్బన్లే ఉండవు కాబట్టి అందులో మెరుపు కనిపిస్తే అది కచ్చితంగా లోపమే. ఈ తేడా మెసేజ్‌లో ఎక్కడా లేదు.

"కుయ్‌మంటే స్విచ్ పోయింది"

పోలేదు. ట్రిగ్గర్ నొక్కే లోతును బట్టి వేగం మారాలంటే, మోటారుకి వెళ్లే కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతూ ఉండాలి. ఎంతసేపు ఆపాలి, ఎంతసేపు వదలాలి అన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ కోతకు మోటారు చుట్టలు అదే లయలో కంపిస్తాయి, మన చెవికి సన్నటి కూతగా వినిపిస్తుంది. వేగం పెరగగానే గేర్ల రొద దాన్ని మింగేస్తుంది. ఒక్క జాగ్రత్త చాలు: చక్ తిరగకుండా కుయ్‌మంటున్న స్థితిలో ట్రిగ్గర్‌ని అలాగే పట్టి ఉంచకండి. ఫ్యాన్ తిరగదు, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది, చుట్టలు వేడెక్కుతాయి.

మెసేజ్ అసలు చెప్పనివి

ఎక్కువ శబ్దాలు మిషన్‌వి కావు, బిట్‌వి. రివర్స్‌లో ఉంచి ఇనుప పైపు మీద నొక్కితే బిట్ కోయదు, రాసుకుంటుంది. కీచుమంటుంది, పొగ వస్తుంది. ముందుగా చూడాల్సింది ట్రిగ్గర్ పైనున్న, తిరిగే దిశ మార్చే మీట. మొండిబారిన బిట్, స్టీలు మీద వాడిన గోడ బిట్ కూడా అలాగే కీచుమంటాయి. బిట్ మూడు దవడల మధ్యలో కాకుండా రెంటి మధ్య ఇరుక్కుంటే మిషన్ మొత్తం ఊగుతూ దడదడమంటుంది. అందుకే ఏ శబ్దం వచ్చినా బిట్ తీసేసి, ఖాళీ చక్‌తో ఒకసారి తిప్పి వినండి. పోతే తప్పు బిట్‌దే.

మిషన్ పైనున్న, వేగం మార్చే 1, 2 గేర్ల మీట సగంలో ఆగిపోయినా గరగరమని నలుగుతున్న శబ్దం వస్తుంది. ఇది మాత్రం పట్టించుకోకపోతే పళ్లను నిజంగా తినేస్తుంది. మిషన్ తిరుగుతుండగా ఆ మీట కదపకూడదు. ఆగాక జరపాలి. జరగనని మొరాయిస్తే ట్రిగ్గర్ ఒకసారి తట్టి వదిలి, పూర్తిగా ఆగాక మళ్లీ ప్రయత్నించాలి. మీట సరిగ్గా కూర్చున్నాక, ఖాళీగా తిప్పినప్పుడు ఒక గేరులో మాత్రమే గరగరమంటే లోపం గేర్‌బాక్స్‌లో ఉండే అవకాశం ఎక్కువ. రెండు గేర్లలోనూ మోటారు వైపు నుంచి ఒకేలా కీచుమంటే బుష్‌నో, బేరింగ్‌నో అనుమానించాలి.

గ్రీజు నిండా కూరమన్న సలహాకు ఎక్కువ చెప్పక్కర్లేదు. పళ్ల మీద పలచగా పూత ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే వేడికి కరిగి ముందుకూ వెనక్కీ కారుతుంది, వెనక ఉన్నది మోటారే. పైగా ఆ చిన్న చక్రాలు, వాషర్లు, ఉక్కు గుండ్లు ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసుకోకుండా విప్పితే తిరిగి అమర్చడం కష్టం. వారంటీ ఉన్న మిషన్ అయితే అసలు విప్పకండి.

"తగ్గకపోతే కొత్తది కొనండి"

గేర్‌బాక్స్ సెట్టు, మోటారు, స్విచ్, చక్ అన్నీ విడిగా మార్చగలిగేవే. పేరున్న మోడల్ అయితే సర్వీస్ సెంటర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి పనిముట్ల బజారులోనో మోడల్ నంబర్ చెప్పి అడగండి. అడిగేటప్పుడు "సౌండ్ వస్తోంది" అని కాకుండా, ఏ గేరులో, లోడ్ మీదా ఖాళీగానా, హ్యామర్‌లోనా కాదా అన్నది చెప్పండి. మెకానిక్ సగం పని అక్కడే తేలిపోతుంది. పేరు లేని చవక మిషన్‌కి విడిభాగాలు దొరక్కపోతే అప్పుడు కొత్తది కొనక తప్పదు, ఆ ఒక్క సందర్భంలో మెసేజ్ మాట నిజమే.

అరిగిపోయేది చాలాసార్లు చక్ కాబట్టి దాని గురించి చెప్పి ముగిస్తాను. బ్యాటరీ తీసి, దవడలు పూర్తిగా తెరిచి లోపలికి చూస్తే చాలా మిషన్లలో అడుగున ఒక స్క్రూ కనిపిస్తుంది. దాని మర తిరగేసి ఉంటుంది. విప్పాలంటే కుడి వైపు, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. తెలియక ఎడమకు బిగించి బిగించి స్క్రూ తల అరగదీస్తుంటారు. అది వచ్చాక రింగును డ్రిల్ గుర్తు మీద, మీటను 1 మీద ఉంచి, చక్‌ని మాత్రం మామూలుగా ఎడమకే విప్పాలి. కొత్త చక్ కొనేముందు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి మర సైజు సరిచూసుకోండి.