మూతివిరుపు గారికి ఒక విన్నపం

శ్రీయుత మూతివిరుపు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మా ఆవిడా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఇరవై ఏళ్లు దాటింది, నా మొహం మీదే కాపురం ఉంటున్నారు, పైసా అద్దె కట్టకుండా.

పోయిన ఆదివారం మ్యాట్నీ గురించే ఈ ఉత్తరం. మేం కొన్నది రెండు టికెట్లు. హాల్లోకి వెళ్లేసరికి నా సీట్లో మీరు ముందే కూర్చుని ఉన్నారు. తెర మీద ఆ హీరో పేరు పడిందో లేదో (పేరు చెప్పను, చెబితే మా కింది పోర్షన్ కుర్రాడు మోటార్ వేయడం మానేస్తాడు), నా మూతి ఎడమ పక్కకి పోయింది.

సినిమా మంచిదండీ. అది నాకూ తెలుస్తూనే ఉంది. సెకండాఫ్‌లో ఆసుపత్రి సీను. తండ్రికి మాట పడిపోయింది. కొడుకు స్టీలు గ్లాసులో మజ్జిగ కలిపి చెంచాతో పడుతుంటే సగం గడ్డం మీదకి కారిపోతోంది. పెద్దాయన సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొడుకు ఒక్క మాట అనలేదు, చొక్కా చేతి అంచుతో తుడిచి, ఇంకో చెంచా ముంచాడు. అంతే. హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. మా ఆవిడ చున్నీ తడిసిపోయింది. నేనేం చేశాను? మీ మాట విని, ఆ చేతికున్న వాచీ చూశాను. "కౌలు రైతు కొడుక్కి అంత వాచీ ఎక్కడిదే?" అని ఆవిడ చెవిలో ఊదాను. ఆ రాత్రి నా కంచంలో మజ్జిగన్నం ఒక్కటే పడింది.

అదే సీన్లో నాకు నచ్చిన హీరో ఉంటేనా, వాచీ ఏం ఖర్మ, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని మజ్జిగ పట్టినా ఏడ్చేవాణ్ణి. ఇదీ మీ న్యాయం! మనవాడు కదలకుండా నిలబడితే సహజ నటన, పగవాడు నిలబడితే చెక్క మొహం. వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ఒకే మొహాన్ని ఓసారి సూప్ గిన్నె పక్కన, ఓసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే, జనం ఆ మొహంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూసి మెచ్చుకున్నారట. పాపం, ఆయనకి మీతో పరిచయం లేదు. ఈ హీరో పక్కన గిన్నె పెట్టినా, పేటిక పెట్టినా నాకు కనిపించేది ఈ హీరో ఒక్కడే.

మీది పాత వంశమే, కాదనను. రామారావు అంతకుముందు ఓ సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం పెదవి విరిచారనీ, అందుకే 1957లో మాయాబజార్‌కి మళ్లీ కిరీటం పెట్టుకోవడానికి ఆయనే వెనకాడితే దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టారనీ చెబుతారు. ఆ తర్వాత అదే మొహం క్యాలెండరెక్కి దేవుడి గదుల్లోకి వెళ్లింది. 1962లో గుండమ్మ కథ తీసేసరికి రామారావు పేరు ముందా, నాగేశ్వరరావు పేరు ముందా అన్న తలనొప్పి లేకుండా, టైటిల్స్‌లో నటుల పేర్లకి బదులు ఫొటోలు వేశారు. మీకు భయపడే అనుకుంటాను.

మా తాతయ్య నాగేశ్వరరావు మనిషి. తెర మీదకి రామారావు వస్తే చుట్ట కాల్చుకోవడానికి బయటికి పోయేవాడట. కానీ అదే సినిమా పాట రేడియోలో వస్తే కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఇద్దరికీ పాడింది ఘంటసాలే మరి! మొహం కనిపించకపోతే తాతయ్యకి పేచీయే లేదు.

నిన్న రాత్రి నిద్ర పట్టక, అసలు మీరు నా దగ్గరికి ఎప్పుడు దిగారా అని లెక్కేసుకున్నాను. 2003, హాస్టల్లో మా గది. నా మంచానికి సరిగ్గా ఎదురుగా రూమ్మేట్ అంటించిన నిలువెత్తు పోస్టర్. పొద్దున్నే కళ్లు తెరిస్తే ఆ హీరో నవ్వు, దాని కింద కిటికీ గట్టు మీద మూత తీసి ఉన్న మా అమ్మ ఆవకాయ జాడీ. నెల తిరక్కుండా జాడీ అడుగు కనిపించేది. చివరికి నాకు ఆరు వందలు మెస్ బాకీ ఉండి, పోస్టర్ చుట్టుకుని మరీ వెళ్లిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ ఆరు వందలు ఇన్నేళ్లుగా ఈ హీరో దగ్గర వసూలు చేస్తున్నానన్నమాట.

మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమనడం లేదు. యాభై దాటిన మనిషి భుజాన బ్యాగు తగిలించుకుని కాలేజీ మెట్లెక్కుతుంటే నేనే పిలుస్తాను, రండి. కానీ ఈ శుక్రవారం మా ఆవిడ అదే సినిమాకి వాళ్ల అక్కయ్యతో మళ్లీ వెళ్తోంది. నేనూ వస్తానంటే షరతు పెట్టింది. కాబట్టి మజ్జిగ సీను అయ్యేదాకా మీరు కాస్త పార్కింగ్‌లో బండి దగ్గర కూర్చోండి. ఇంటర్వెల్లో సమోసా పంపిస్తాను.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు

తా.క.: ఆ వాచీ మాత్రం నిజంగానే ఖరీదైనదండీ.