నైటీ వేసుకుంటే ఎవరికి నొప్పి?

ఫ్యాషన్ అనగానే అందరూ హీరోయిన్ల గౌన్ల గురించీ, పెళ్లి లెహంగాల గురించీ మాట్లాడతారు. నేను నైటీ గురించి మాట్లాడతాను. మన ఇళ్లల్లో చాలామంది ఆడవాళ్లు రోజులో ఎక్కువసేపు ఉండేది అందులోనే. ఎక్కువ మాటలు పడేదీ దాని వల్లే.

2018లో పశ్చిమగోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో ఊరి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీ వేసుకోకూడదు. వేసుకుంటే 2,000 రూపాయలు జరిమానా. ఫలానా ఆవిడ వేసుకుందని చెప్పినవాళ్లకి 1,000 రూపాయలు. పేపర్లలో వచ్చాక అధికారులు ఆ ఊరు వెళ్లారు. ఆ వార్త చదివి చాలామంది నవ్వి వదిలేశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది, ఎందుకంటే డబ్బు కట్టించుకోవడం ఒక్కటే తక్కువ, ఆ కట్టుబాటు మన వీధుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ నడుస్తూనే ఉంది.

అసలు ఆ బట్టని ఒకసారి సరిగ్గా చూడండి. మెడ దగ్గర్నుంచి చీలమండల దాకా కప్పేస్తుంది. నడుము కనపడదు, వీపు కనపడదు. చీరలో ఆ రెండూ కనపడతాయి, అయినా చీర పద్ధతైన బట్టే. అలాంటప్పుడు "ఒళ్లు కనపడేలా తిరుగుతున్నారు" అనే మాట నైటీ విషయంలో ఎలా చెల్లుతుంది? చెల్లదు. ఒక ఆడమనిషి ఎవరినీ అడక్కుండా, తన ఒంటికి హాయిగా ఉందని ఒక బట్ట వేసుకుని గడప దాటింది. ఆ మాట అనేవాళ్లకి కష్టంగా ఉన్నది అదే.

ఇప్పటి కేరళ దక్షిణ భాగంలో ఉండిన పాత తిరువాన్కూరు సంస్థానంలో దీనికి సరిగ్గా తిరగేసిన కథ జరిగింది. అక్కడ తక్కువ కులంగా చూసిన నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకోవడమే నేరం. కప్పుకున్నవాళ్ల మీద పడి బట్టలు చింపారు. ఏళ్ల తరబడి పోరాడితే 1859లో రాజు ఒప్పుకున్నాడు, అదీ పైకులాల ఆడవాళ్లలాగా కప్పుకోకూడదనే షరతుతో. అక్కడ కప్పుకుంటే తప్పు, ఇక్కడ నిండా కప్పుకున్నా తప్పే. ఎంత గుడ్డ కప్పుకుందన్న లెక్క ఎవరికీ పట్టలేదు. ఎవరి అనుమతితో కప్పుకుందన్నదే రెండు చోట్లా చూశారు.

మే నెలలో కోస్తా ఊళ్లలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆలోచించండి. లంగా బొందు నడుముకి కోసుకుపోతుంటే, జాకెట్టు చంకల్లో తడిసి ముద్దవుతుంటే, ఆరు గజాల చీర కట్టుకుని పొయ్యి ముందు నిలబడి నలుగురికి వండి పెట్టడం ఎంత నరకమో. నైటీ అయితే ఉతకడం తేలిక, గంటలో ఆరిపోతుంది. చంటిపిల్లకి పాలివ్వాలంటే ముందు జిప్పు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎవరి సాయం లేకుండా వేసుకోగలదు.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు చాలా ముఖ్యమైనది. చీరలు మనకి చాలావరకు ఎవరో పెడతారు. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, పేరంటాల్లో ఇచ్చేవాళ్లు. ఏ రంగు కట్టాలి, ఏ వయసుకి ఏ అంచు బాగుంటుంది, భర్త పోతే ఏవి మానేయాలి, అన్నీ నలుగురూ చెప్పేవే. నైటీ మాత్రం ఆమె మోపెడ్ మీద మూట కట్టుకొచ్చిన అతన్ని ఆపి, గుట్టలోంచి తనే ఏరుకుంటుంది. అరవై ఏళ్ల మా పెద్దమ్మ చిలకపచ్చ మీద ఎర్ర మందారాలున్నది తీసుకుంది. ఆ రంగు చీర ఆవిడని ఎవరూ కట్టుకోనివ్వరు. ఫ్యాషన్ అంటే నాకు అదే, తనకి నచ్చిన పువ్వుని తన ఒంటి మీద వేసుకోవడం.

అదే పెద్దమ్మ కాలింగ్ బెల్ మోగితే కంగారుగా తువ్వాలు వెతుక్కుంటుంది, భుజాల మీద కప్పుకోవడానికి. వచ్చింది గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి. ఇంట్లో పెదనాన్న లుంగీ కట్టుకుని, పైన ఏమీ లేకుండా అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా. ఎండాకాలం, ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. ఆ మాటే పెద్దమ్మకి కూడా వర్తించాలని అడుగుతున్నాను, అంతే.

2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు, మనిషి తన జెండర్‌ని వేషధారణతో చెప్పుకోవడం కూడా రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) కింద భావప్రకటనే అంది. ఎవరి గుర్తింపు కోసం ఆ తీర్పు వచ్చిందో నాకు తెలుసు, వాళ్ల పోరాటాన్ని నైటీతో పోల్చట్లేదు. కానీ ఒంటి మీది బట్ట కూడా మాటేనని దేశంలో పెద్ద కోర్టు ఒప్పుకున్నాక, ఊరి పెద్దలో, అసోసియేషన్ సెక్రటరీయో ఆ మాటకి జరిమానా వేయడానికి ఎవరు?

"నైటీలతో లిఫ్టులో దిగొద్దు, కింద వాచ్‌మన్ ఉంటాడు, పిల్లలు ఉంటారు" అని గ్రూపుల్లో మెసేజ్‌లు పెడుతున్నారు. ఈసారి మీ గ్రూపులో అలాంటిది వస్తే దండం పెట్టే బొమ్మ పెట్టి ఊరుకోకండి. మాకు ఇష్టమైనవి వేసుకుంటామని రాయండి. మగవాళ్లు ఇంకా ముందు రాయండి.