సంఘంలో ఒక పేరు, బడిలో ఒక పేరు

మహబూబాబాద్ దగ్గరి ఒక పల్లెలో మాదిగవాడ చివర రేకుల షెడ్డు ఉంది. అదే వాళ్ల చర్చి, వాళ్ల మాటలో సంఘం. ఆదివారం పొద్దున ఆడవాళ్లు గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఒకరికొకరు చేతులు జోడిస్తారు. "వందనాలక్కా." కొంగు ముడి విప్పి తీసిన పది రూపాయల నోటు కానుక సంచిలో పడుతుంది. వాళ్లలో ఒకామెకు అరవై దాటాయి. పత్తి ఏరడానికి పోతే కొడుకు వయసున్న ఆసామి కూడా ఆమెను "ఏమే" అనే పిలుస్తాడు. వాడ బయటివాళ్లు ఆమెను "అక్కా" అని పిలిచే చోటు ఊరు మొత్తంలో ఆ షెడ్డు ఒక్కటే.

మతమార్పిడి అనగానే మనకు బియ్యం బస్తా, విదేశీ డబ్బు గుర్తొస్తాయి. ఆ పిలుపు గుర్తు రాదు. అసలు సంగతంతా ఆ పిలుపులోనే ఉందని నా నమ్మకం.

ఈ నేలకు ఇది కొత్తేమీ కాదు. తిరునల్వేలి ప్రాంతం నుంచి 1909లో డోర్నకల్ వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన వెంట నడిచినవాళ్లలో మాలలు, మాదిగలే ఎక్కువ. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులు అక్కడ గుడి స్తంభాల నడుమే కూర్చున్నారు.

అయితే బాప్తిస్మంలో వచ్చిన పేరు ఆఫీసులో అక్కరకు రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను దాదాపు హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు బయటే ఉండిపోయారు. తెలంగాణలో వాళ్లు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గుంపు, అంటే 15 శాతం కోటా నుంచి 1 శాతానికి దిగడమే. అట్రాసిటీ చట్టం అండ కూడా పోతుంది. కులం మాత్రం ఎక్కడికీ పోదు. సంఘంలో పక్కపక్కన కూర్చునే మాల, మాదిగ కుటుంబాలు సంబంధాల దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వాళ్లు చూసుకుంటాయి. ఇది దాచాల్సిన మాట కాదు. ఆ ఆసామి "ఏమే" అనే ముందు ఆమె ఏ దేవుణ్ణి మొక్కుతుందో అడగడు. అవమానానికి లేని మతం, హక్కుకు ఎందుకు? 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి కేంద్రం దాని ముందు పెట్టిందీ ఈ ప్రశ్నే. హోదా మతాన్ని బట్టి కాదు, వివక్షను బట్టి ఉండాలి.

ఆమె మనవడికి సంఘంలో బైబిలు పేరు, బడి రిజిస్టర్‌లో మరో పేరు. కాలేజీ దరఖాస్తు నింపుతూ మతం అన్న గడి దగ్గర పెన్ను ఆపి నాయనమ్మ వైపు చూశాడు. చాలాసేపటికి ఆమె అన్నది: "హిందూ అని రాయి బిడ్డా. దేవునికి ఎరుకే."